పళ్లున్న చేపకు గాలం: మంచు సరస్సు మీద చేయవలసినవి, చేయకూడనివి

పైక్ చేప నోరు దగ్గరగా చూసినవాళ్లు లీడర్ (గాలానికీ అసలు దారానికీ మధ్య కట్టే గట్టి ముక్క) లేకుండా గాలం వేయరు. కింది దవడకు రెండు పక్కలా కోరల్లాంటి పెద్ద పళ్లుంటాయి. పై అంగిలి నిండా వందల కొద్దీ సన్నటి పళ్లు, అన్నీ గొంతు వైపుకే వాలి ఉంటాయి. లోపలికి జారిన వేలు సులువుగా బయటికి రాదు. పది పౌండ్ల బరువు ఆపే నైలాన్ దారం ఆ కోరల మీద గట్టిగా ఒక్కసారి రాసుకుంటే తెగిపోతుంది. తెగిన దారం మన చేతికి తేలిగ్గా వచ్చేస్తుంది. మూడు కొనల గాలం మాత్రం చేప గొంతులోనే ఉండిపోతుంది. దాన్ని మనం మళ్లీ చూడం, తీయలేం.

అందుకే మంచు మీద చేపల వేటలో లూర్ (కృత్రిమ ఎర), లీడర్ ఎంచుకోవడాన్ని నేను భద్రతలో భాగంగానే చూస్తాను. చేప ఎంత పెద్దది పడుతుందన్నది తర్వాతి సంగతి. ఎముకలు కొరికే చలిలో, వేళ్లు మొద్దుబారిన స్థితిలో, అడుగు వెడల్పు కూడా లేని రంధ్రం దగ్గర, పళ్లున్న చేప నోట్లోంచి పదునైన ఇనుప కొనలు తీయాలి. ఆ పని ఎంత త్వరగా, ఎంత క్షేమంగా ముగుస్తుందన్నది ముందు రోజు రాత్రి ఇంట్లో హీటర్ పక్కన కూర్చుని మీరు పెట్టెలో ఏం సర్దారన్న దాన్ని బట్టి ఉంటుంది. మన వైపు సముద్రంలో వంజరానికి గాలం వేసేవాళ్లకు ఇది కొత్త మాట కాదు. వంజరం పళ్ల సంగతి తెలుసు కనుక గాలం దగ్గర ఇనుప తీగ కడతారు. కెనడా మంచు మీద ఆ జాగ్రత్తకు చలి, రంధ్రం, చట్టం అనే మూడు సంగతులు అదనంగా కలుస్తాయి.

ఒంటారియో రాష్ట్రంలోని ఒషావాలో ఉండే తెలుగువాళ్లలో ఈ సరదా మెల్లగా పెరుగుతోంది. ఒంటారియో టెక్, డర్హమ్ కాలేజీల్లో చదువుకునే పిల్లలు, ఇక్కడ ఇళ్లు కొనుక్కున్న కుటుంబాలు శీతాకాలంలో ఓ శనివారం సరస్సు మీదికి వెళ్లొస్తున్నారు. ఊరి ముందే ఒంటారియో మహాసరస్సు ఉంది కానీ, మంచు మీద వేటకు అది పనికిరాదు. గరిష్ఠంగా 244 మీటర్ల లోతున్న ఆ నీరు చాలా ఏళ్లలో పెద్దగా గడ్డకట్టదు. రేవులోనూ ఒడ్డు చిత్తడి నేలల్లోనూ కట్టే మంచును గాలి, అలలు ఎప్పటికప్పుడు కదిలించేస్తుంటాయి. కనుక దారి ఉత్తరానికే. సిమ్కో స్ట్రీట్ పట్టుకుని తిన్నగా వెళితే అరగంటలో పోర్ట్ పెర్రీ, దాని ముందే స్కూగాగ్ సరస్సు. గంట ప్రయాణంలో సిమ్కో సరస్సు, అందులో నాచు ఎక్కువగా ఉండే కుక్స్ బే. తూర్పున ఇంకాస్త దూరంలో బే ఆఫ్ క్వింటె.

ముందు ఏ చేపో తేల్చుకోండి

పళ్లున్న చేపలన్నీ దారం తెంపవు. వాల్‌ఐకి సూదుల్లాంటి పళ్లున్నాయి, అవి గుచ్చుతాయి గానీ దారాన్ని కోయడం అరుదు. దానికి ఎనిమిది, పది పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ సరిపోతుంది. లేక్ ట్రౌట్ పళ్లు దారాన్ని గరుకెక్కిస్తాయి, కనుక కాస్త మందం పెంచాలి. కోసేవి పైక్, దాని పెద్దన్న మస్కీ. ఈ రెండూ తిరిగే నీటిలో లీడర్ తప్పనిసరి. మీరు వాటి కోసం వెళ్లకపోయినా సరే, అవి మీ ఎర కోసం రావచ్చు.

స్కూగాగ్ విషయంలో ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. చాలా లోతు తక్కువ సరస్సు అది. 1830లలో లిండ్సే దగ్గర మిల్లు కోసం కట్టిన ఆనకట్ట వల్ల నీరు పరుచుకుని ఇంత విశాలమైంది. అందులో మస్కీ ఉంది. ఈ ప్రాంతపు సరస్సుల్లో మస్కీ సీజన్ డిసెంబర్ 15తో ముగుస్తుంది. అంటే మంచు గట్టిపడే నాటికి దాన్ని పట్టే హక్కు మనకు ఉండదు. "పట్టి వదిలేస్తాం కదా" అన్నా ఒప్పుకోరు. సీజన్ మూసి ఉన్న చేప కోసం కావాలని గాలం వేయడమే ఒంటారియోలో నేరం. వాల్‌ఐని కూడా 2016లో ఆ సరస్సులో మూసేశారు. కనుక శీతాకాలంలో స్కూగాగ్ మీద పెద్ద స్పూన్లు (చెంచా ఆకారపు లోహపు లూర్లు), అరచేతంత లూర్లు దింపకండి. పెర్చ్ అనే చిన్న చేప కోసం చిన్న జిగ్‌లతో (తల దగ్గర బరువున్న గాలాలతో) వెళ్లండి. పైక్ మీద మనసుంటే సిమ్కోకో క్వింటెకో వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. ప్రతి చోటా ఏ చేపకు ఏ తేదీలు అన్నది ప్రభుత్వం ఏటా ఇచ్చే నిబంధనల పుస్తకంలో ఆ సరస్సు ఉన్న చేపల మండలం కింద చూసుకోవాలి. స్కూగాగ్ 17వ మండలం, సిమ్కో 16, బే ఆఫ్ క్వింటెతో సహా ఒంటారియో మహాసరస్సు 20. ఒకే ఊరి నుంచి బయల్దేరినా మూడు వేర్వేరు నియమాల కిందికి వెళతాం.

పెర్చ్ కోసం దింపిన బుల్లి జిగ్‌ను మస్కీ మింగితే ఏం చేయాలి? సన్నటి దారం తెగే ప్రమాదం ఎక్కువ. నాచు అంచుల దగ్గర కూర్చునేటప్పుడు ముడి వేయడానికి వీలయ్యే సన్నటి తీగను జానెడు కంటే తక్కువే కట్టుకోండి. పెర్చ్ దాన్ని పెద్దగా పట్టించుకోదు. మస్కీ పడితే రంధ్రం దగ్గరే, నీటిలో ఉండగానే వదిలేయండి. ఫొటో కోసం పైకి తీయకండి.

లీడర్: ఏది, ఎంత, ఎలా

పోర్ట్ పెర్రీ ఒడ్డున ఒక కుర్రాడు నన్నడిగాడు: "అన్నా, ఇనుప తీగ కడితే చేప చూసి పారిపోదా?"

"పైక్ అంత పరిశీలించదు తమ్ముడూ. తీగ కంటే ఎర కదలిక సరిగా లేకపోతేనే అది వెనక్కి తగ్గుతుంది" అన్నాను.

ఈ భయంతోనే చాలామంది తీగ మానేసి ఫ్లోరోకార్బన్ కడతారు. ఫ్లోరోకార్బన్ మంచిదే. కాంతిని వంచే గుణం నీటికి 1.33 అయితే దీనికి 1.42 దాకా ఉంటుంది. నైలాన్ కంటే నీటికి దగ్గర కనుక అంతగా కనిపించదు. కానీ సన్నటి ఫ్లోరోకార్బన్ పైక్ పళ్లకు ఆగదు. పైక్ కోసమైతే 60 నుంచి 80 పౌండ్లది, అంటే దాదాపు మిల్లీమీటరు మందం ఉన్నది కావాలి. 20 పౌండ్లది కట్టి "లీడర్ వేశాను కదా" అనుకోవడం లేనిపోని ధైర్యం. మందంగా ఉన్నది కూడా కోత పడనంత వరకే గట్టిది. ప్రతి చేప తర్వాత రెండు వేళ్ల మధ్య పెట్టి కింది నుంచి పైకి జారవిడవండి. గోటికి ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడికి కత్తిరించి మళ్లీ కట్టండి. చేతి తొడుగు తీసి చూడాలి కనుక చలికి బద్ధకం వేస్తుంది. ఆ అర నిమిషం బద్ధకమే తర్వాతి చేప గొంతులో గాలం మిగులుస్తుంది.

తీగల్లో మూడు రకాలున్నాయి. ఒంటి పోగు ఉక్కు తీగ చవక, గట్టిది. కానీ ఒకసారి మడత పడితే ఆ మడత దగ్గరే పుటుక్కున విరుగుతుంది. మడత పడ్డదాన్ని వేళ్లతో సాగదీసి మళ్లీ వాడకండి. ఏడు పోగులు పేనిన ఉక్కు తీగ మెత్తగా వంగుతుంది. 20, 30 పౌండ్లది మంచు మీద చాలా పనులకు సరిపోతుంది. పోగుల్లో ఒక్కటి లేచి వేలికి గుచ్చుకున్నా ఆ లీడర్ పని అయిపోయినట్టే. టైటానియం మిశ్రమ తీగ ఖరీదు ఎక్కువ. ఎలా వంచినా మళ్లీ తిన్నగా అవుతుంది, తుప్పు పట్టదు. అయితే అదీ శాశ్వతం కాదు. ముడి దగ్గర, గొట్టం నొక్కి బిగించే క్రింప్ దగ్గర పదేపదే వంగి అలిసిపోతుంది. మంచు మీద చిన్న స్పూన్ల కోసమైతే నా ఓటు సన్నటి టైటానియానికే. బరువైన తీగ కడితే స్పూన్ ఆకు రాలినట్టు ఊగుతూ దిగదు, రాయిలా నేరుగా పడిపోతుంది.

పొడవు సంగతి చాలామంది ఆలోచించరు. మంచు మీద వాడే రాడ్ పొట్టిది, 70 నుంచి 90 సెంటీమీటర్లు. లీడర్ అంతకంటే పొడవుంటే దాని పై కొసన ఉన్న స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే కొక్కెం) రాడ్ చివరి రింగులో వచ్చి ఇరుక్కుంటుంది. చేప ఇంకా మంచు కిందే ఉంటుంది, రీలు మాత్రం ఒక్క చుట్టు కూడా తిరగదు. అప్పుడు చేతితో దారం లాగాల్సి వస్తుంది. చేతులు తెగేది, గాలాలు వేళ్లలో దిగేది చాలాసార్లు ఆ క్షణంలోనే. తీగ లీడర్ 30 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య ఉంచండి. చేప ఎరను అడ్డంగా పట్టి తల తిప్పినా పళ్లకు తీగే తగలడానికి ఆ పొడవు చాలు.

ముడుల గురించి. 60 పౌండ్లు దాటిన ఫ్లోరోకార్బన్‌కు ముడి సరిగా బిగియదు. లోహపు గొట్టంతో క్రింప్ చేయడమే మేలు. గొట్టం కొలత తీగ మందానికి సరిపోవాలి. నొక్కేటప్పుడు మధ్యలో నొక్కి, రెండు అంచులూ కాస్త విచ్చుకుని ఉండేలా వదలండి. అంచు దాకా పిండితే ఆ అంచే కత్తిలా తీగను కోస్తుంది. తర్వాత గాలాన్ని ఒక మేకుకు తగిలించి, కళ్లద్దాలు పెట్టుకుని, రెండో కొస నోస్ ప్లయర్‌తో పట్టుకుని గట్టిగా లాగి చూడండి. తెగేది ఇంట్లోనే తెగాలి. మామూలు ముడులైతే బిగించే ముందు తడి చేయండి. ఇంట్లో అయితే నీళ్లతో. మంచు మీద మాత్రం ఉమ్మితో తడి చేయాలని లోహపు తీగను, సీసపు గుండును పెదాల మధ్య పెట్టకండి. మైనస్ 15 డిగ్రీల్లో లోహం పెదవికి, నాలుకకు అతుక్కుపోతుంది. బలవంతంగా లాగితే చర్మం ఊడొస్తుంది. సీసం నోట్లో పెట్టుకోవడం ఏ కాలంలోనైనా తప్పే.

అసలు దారం గురించీ చెప్పాలి. తీగ సాగదు. అల్లిక దారమూ సాగదు. పొట్టి రాడ్‌లో ఒంగే గుణం తక్కువ. మూడూ కలిస్తే పెద్ద చేప తల విదిల్చినప్పుడు ఆ దెబ్బంతా చేప దవడ మీద, మీ ముడి మీద పడుతుంది. రీలు డ్రాగ్ వదులుగా పెట్టుకోండి. గట్టిగా లాగితే దారం జారి పోవాలి. రంధ్రం అంచు గరుకుగా ఉంటే దారాన్ని కోస్తుంది కనుక జల్లెడ గరిటెతో అంచును నున్నగా చేయండి.

లూర్: గాలాలు ఎన్ని తక్కువైతే అంత మంచిది

మంచు కింద పైక్‌కు పనికొచ్చే లూర్లు కొద్దిపాటివే. ఊగుతూ దిగే స్పూన్, లోపల గుండ్లు గలగలలాడే చదునైన చేప ఆకారపు లూర్, మెత్తటి ప్లాస్టిక్ గొట్టం తొడిగిన జిగ్, చుట్టూ తిరుగుతూ ఈదే జిగ్గింగ్ ర్యాప్ లాంటివి. 8 నుంచి 13 సెంటీమీటర్లు చాలు. కలక నీటిలో తెలుపు, మెరిసే పసుపు, నారింజ. సిమ్కో లాంటి తేట నీటిలో వెండి రంగు. చల్లటి నీటిలో చేప ఒళ్లు నెమ్మదిగా పనిచేస్తుంది కనుక లూర్‌ను గంతులేయించనక్కర్లేదు. ఒకసారి ఎత్తి, వదిలి, ఆగండి. చాలాసార్లు చేప అలా ఆగినప్పుడే పట్టుకుంటుంది.

భద్రత దృష్టితో చూస్తే అసలు ప్రశ్న వేరు. ఈ లూర్‌కు ఎన్ని గాలాలున్నాయి? వేసవిలో పడవ పక్కన వల ఉంటుంది, చోటుంటుంది. ఇక్కడ చేప రంధ్రంలోకి తల పెట్టి పైకి రావాలి. నోట్లో ఒక గాలం ఉండగా, లూర్‌కు వేలాడే రెండో మూడు కొనల గాలం మంచు అంచున తగులుకుంటుంది. చేప కింద, గాలం మంచులో, మధ్యలో మీరు. అప్పుడు చాలామంది చేసే పని చేయి లోపల పెట్టి విడిపించబోవడం. చేప ఒక్కసారి తన్నుకుంటే ఆ గాలం అరచేతిలో దిగుతుంది. జిగ్గింగ్ ర్యాప్‌కు ముక్కున ఒకటి, తోకన ఒకటి, పొట్ట కింద మూడు కొనలది ఒకటి ఉంటాయి. పెద్ద పైక్ కోసం అది నాకు అంతగా నచ్చదు. పెర్చ్‌కు, వాల్‌ఐకి అది గొప్ప లూర్. పళ్లున్న పెద్ద చేపకు అన్ని కొనలు వద్దు.

రెండు గాలాలున్న లూర్ కొంటే ముందున్నది తీసేయండి. వెనకది కూడా వీలైతే ఒంటి గాలంగా మార్చండి. ఈ మార్పు ఇంటి దగ్గరే చేయాలి. గాలం కొనలో వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. దారం బిగువుగా ఉంచితే చేప జారిపోదు. చేప నోట్లోంచి తీయడం సులువు, మీ వేల్లోంచి తీయడం మరీ సులువు. ఆ ముల్లు ఉన్న గాలానికీ లేని గాలానికీ మధ్య తేడా ఒక్కోసారి ఆసుపత్రి ప్రయాణమంత ఉంటుంది.

సీసపు గుండ్లకు బదులు టంగ్‌స్టన్ గానీ ఉక్కు గానీ వాడండి. కెనడా జాతీయ ఉద్యానవనాల్లో 50 గ్రాముల లోపు సీసపు బరువులు 1997 నుంచీ నిషిద్ధం. లూన్ పక్షులు వాటిని మింగి చచ్చిపోతాయి కనుక ఆ నియమం పెట్టారు. ఈ సరస్సుల మీద వేసవిలో ఆ లూన్‌లే తిరుగుతాయి.

చచ్చిన చేపను ఎరగా వేసేటప్పుడు

పైక్ కోసం మంచు మీద బాగా పనిచేసేది టిప్-అప్. రంధ్రం మీద కూర్చునే చిన్న చట్రం, కింద ఎర, చేప లాగగానే పైకి లేచే జెండా. దీనికి చచ్చిన చేపను ఎరగా కడతారు. ఇక్కడే అతి పెద్ద తప్పు జరుగుతుంది. ఒకే పెద్ద గాలానికి ఎర గుచ్చి, జెండా లేచాక "పూర్తిగా మింగనీ" అని నిమిషాల పాటు కాచుకుంటారు. అది నిజంగానే మింగుతుంది. గాలం కడుపు దాకా వెళుతుంది.

అలా చేయకండి. ఒకే తీగకు రెండు చిన్న మూడు కొనల గాలాలు, నాలుగో నంబరు నుంచి ఆరో నంబరు మధ్యవి, కొద్ది ఎడంతో కట్టుకోండి. క్విక్ స్ట్రైక్ రిగ్ అని అంగళ్లలో దొరుకుతుంది. ఒక గాలంలో ఒక్క కొన ఎర వీపు రెక్క దగ్గర, రెండో గాలంలో ఒక్క కొన ముందు రెక్క దగ్గర గుచ్చితే ఎర నీటిలో అడ్డంగా నిలుస్తుంది. పైక్ చేపను అడ్డంగానే పట్టుకుంటుంది కనుక అప్పటికే ఒక గాలం దాని దవడ అంచున ఉంటుంది. జెండా లేవగానే వెళ్లండి, పరుగెత్తకండి, జారతారు. దారం కదులుతోందా చూసి, బిగువు రాగానే ఒక్క లాగు. కాచుకోవాల్సిన పని లేదు. గాలం పెదవి మూలలోనే దిగుతుంది. ఒంటారియోలో ఒక దారానికి నాలుగు గాలాల వరకు అనుమతి ఉంది. మూడు కొనలది కూడా ఒకటే లెక్క కనుక ఇది చట్టం లోపలే.

ఎర కొనే చోటు కూడా ముఖ్యం. 2022 జనవరి 1 నుంచి ఒంటారియోను నాలుగు ఎర మండలాలుగా విభజించారు. ఎర చేపలను బతికున్నవైనా చచ్చినవైనా ఒక మండలం నుంచి ఇంకో మండలానికి తీసుకెళ్లకూడదు. మీ ఇంటి మండలం దాటి వెళితే అక్కడే కొని, రసీదు దగ్గర పెట్టుకుని, రెండు వారాల్లోపు వాడేయాలి. మిగిలిన ఎరను గానీ ఆ బకెట్ నీళ్లను గానీ సరస్సులో, ఒడ్డుకు 30 మీటర్ల లోపల పారబోయడం నేరం. చేపలను చంపే వీహెచ్ఎస్ వైరస్ 2005లో మహాసరస్సుల్లో బయటపడింది. 2011లో సిమ్కోలోనూ కనిపించింది. అలాంటి వ్యాధిని మన బకెట్ కొత్త నీటికి మోసుకెళ్లగలదు.

చేతులకు జాగ్రత్త

టిప్-అప్ దారం చేత్తోనే లాగాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ దాన్ని అరచేతికి, వేలికి చుట్టుకోవద్దు. పైక్ రంధ్రం దాకా వచ్చి, వెలుతురు చూసి మళ్లీ కిందికి దూకుతుంది. ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు. వేలికి చుట్టి ఉన్న సన్నటి దారం ఎముక దాకా కోయగలదు. చేపకు దారం కావాల్సినప్పుడు వేళ్ల మధ్య నుంచి జారనివ్వండి. పైకి తీసిన దారాన్ని కాళ్ల కింద కుప్పగా వేయకుండా ఒక పక్కకు పరచండి. పిల్లలు ఆ పక్కకు రాకుండా ముందే చెప్పండి.

ఉన్ని తొడుగులతో గాలాన్ని ముట్టుకోకండి. ఉన్నిలో గాలం చిక్కితే చేప ఎటు లాగితే మీ చేయి అటు వెళుతుంది. రబ్బరు పూత ఉన్న, కోతకు ఆగే తొడుగులు వేసుకోండి. మెడలో తాడుకు రెండు పనిముట్లు వేలాడాలి. ఒకటి కనీసం అడుగు పొడవున్న నోస్ ప్లయర్, రెండోది గాలం కాడను కత్తిరించగల గట్టి కట్టర్. స్లెడ్ పెట్టెలో అడుగున ఉన్న ప్లయర్ చేప తన్నుకుంటున్నప్పుడు ఎవరికీ అక్కరకు రాదు.

చేపను వదిలేటప్పుడు

వదలాలనుకున్న చేపను వీలైనంత వరకు రంధ్రం నీటిలోనే ఉంచి గాలం తీయండి. పైకి తీయక తప్పకపోతే తడి చేతులతో పట్టుకోండి. మొప్పల మూత కింద వేళ్లు దవడ ఎముక వెంబడి జార్చి పట్టు బిగించండి. ఎర్రటి మొప్పల కుచ్చులను తాకకండి. కళ్ల గుంతల్లో వేళ్లు పెట్టి ఎత్తే పాత అలవాటు క్రూరమైనది, దాన్ని ఎవరి దగ్గరా నేర్చుకోకండి. పెద్ద చేపను తల దగ్గర మాత్రమే పట్టి నిలువుగా వేలాడదీయకండి. రెండో చేయి పొట్ట కింద ఉండాలి.

పొడి మంచు మీద పడుకోబెట్టి ఫొటోలు తీయడం చాలామంది చేస్తారు. గడ్డకట్టే గాలిలో మొప్పలు, కళ్లు త్వరగా దెబ్బతింటాయి. పైగా పైక్ మంచు కరగ్గానే నీట మునిగిన గడ్డిలో గుడ్లు పెడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడే లావాటి చేపలు చాలావరకు గుడ్లతో ఉన్న ఆడవే. వాటిని వదిలేయమని నా విన్నపం. తినాలనుకుంటే మధ్యస్థంగా ఉన్నదాన్ని తీసుకోండి. వేటాడే చేపల్లో పాదరసం వయసుతో పాటు పేరుకుంటుంది. ఏ సరస్సులో ఎంత పొడవున్న ఏ చేపను నెలకు ఎన్నిసార్లు తినవచ్చో ఒంటారియో ప్రభుత్వం విడిగా పట్టికలు ఇస్తుంది. గర్భం దాల్చే వయసున్న స్త్రీలకు, పిల్లలకు వేరే లెక్క ఉంటుంది. పులుసు పెట్టే ముందు అది చూడండి. పైక్‌లో రెండు కొనలుగా చీలిన ముళ్లు వీపు కండలో వరుసగా ఉంటాయి, పిల్లలకు తీసి పెట్టాలి.

గాలం గొంతులో లోతుగా దిగిందా? కడుపులోకి ప్లయర్ తోసి మెలిపెట్టకండి. కట్టర్‌తో అందినంత లోపల గాలం కాడ కత్తిరించి, మిగిలింది వదిలేయడం చేపకు మేలు. పొడవాటి తీగ నోట్లోంచి వేలాడేలా మాత్రం వదలొద్దు.

గాలం మీ ఒంట్లో దిగితే

ముందు చేపను, లూర్‌ను వేరు చేయండి. గాలం చేతిలోనూ చేప నోట్లోనూ ఒకేసారి ఉంటే మరో చోట దిగడానికి క్షణం చాలు. గాలాన్ని లూర్‌కు కలిపే రింగును కట్టర్‌తో కత్తిరించండి, లేదా పక్కవాళ్లను కత్తిరించమనండి. ఒంటరిగా వెళ్లకూడదు అనడానికి ఇదొక్క కారణం చాలు.

కంటి దగ్గర, మెడ మీద, కీలు మీద దిగిన గాలాన్ని తాకకుండా కదలకుండా ఉంచి ఆసుపత్రికి వెళ్లండి. పోర్ట్ పెర్రీలోనూ ఒషావాలోనూ లేక్‌రిడ్జ్ హెల్త్ అత్యవసర విభాగాలున్నాయి. ప్రాణం మీదికొస్తే 911. చర్మం పైపైన దిగి, ముల్లు ముందే చదును చేసి ఉంటే వచ్చిన దారినే మెల్లగా వెనక్కి తీయవచ్చు. ముల్లు ఉండి కండలో దిగితే వైద్యుడికే వదిలేయడం మంచిది. చేప పళ్లు గీసినా, గాలం గుచ్చినా శుభ్రమైన నీటితో కడిగి, గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. ఇక్కడికి వచ్చాక చాలామంది ఆ సంగతే మర్చిపోతారు.

వెళ్లేముందు

18 నుంచి 64 ఏళ్ల వాళ్లకు ఔట్‌డోర్స్ కార్డు, లైసెన్సు ఉండాలి. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే వారాంతంలో కెనడా నివాసులు లైసెన్సు లేకుండా వేటాడవచ్చు. అయినా మిగతా నియమాలన్నీ అమల్లోనే ఉంటాయి. మంచు మీద చాలా చోట్ల ఒక్కొక్కరికి రెండు దారాలు వేయనిస్తారు. అయితే 60 మీటర్లలోపు ఉండాలి, రెండూ అడ్డు లేకుండా కంటికి కనిపిస్తూ ఉండాలి. జెండా లేచింది చూడకుండా కారులో కూర్చుంటే చేప గాలం మింగేస్తుంది, చట్టమూ తప్పినట్టే.

మంచు మందాన్ని మీరే తొలిచి చూసుకోండి. నడవడానికి కనీసం 15 సెంటీమీటర్లు, స్నోమొబైల్‌కు 25 అని కెనడియన్ రెడ్ క్రాస్ చెబుతుంది. అది తేటగా నీలంగా ఉండే మంచు లెక్క. తెల్లటి మంచు అయితే దానికి రెట్టింపు కావాలి. 2023-24 శీతాకాలం కెనడాలో నమోదైన వాటిలోకెల్లా వెచ్చనిది. నిరుడు ఫిబ్రవరిలో నడిచిన చోటు ఈ ఏడు ఫిబ్రవరిలో నీరై ఉండొచ్చు. నీళ్లలో పడితే మంచు మీదికి పాకడానికి మెడలో మంచు మేకుల జత, ఒంటి మీద తేలే కోటు ఉండాలి. గుడారంలో ప్రొపేన్ హీటర్ పెడితే గాలి ఆడే కిటికీ తెరిచే ఉంచండి. ఆ గుడారం గోడలకు గాలాలున్న లూర్లు వేలాడదీయకండి.

తిరిగి వచ్చేముందు తెగిన దారం, మడత పడ్డ తీగ ముక్కలు, ఊడిన గాలాలు ఒక మూత డబ్బాలో వేసుకోండి. మంచు మీద వదిలేస్తే ఏప్రిల్‌లో అవి సరస్సు అడుగుకు చేరతాయి. ఇంటికి రాగానే లీడర్లను తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. స్వివెల్ తిరుగుతోందా, స్నాప్ బిగుతుగా మూసుకుంటోందా, తీగలో ఎక్కడైనా వంపు ఉందా అని దీపం కింద ఒక్కొక్కటీ చూడండి. అనుమానం ఉన్నదాన్ని రెండు ముక్కలుగా కత్తిరించి పారేయండి. మడతపెట్టి మళ్లీ డబ్బాలో పెడితే వచ్చే వారం ఆ చలిలో దాన్నే కడతారు.